భూమిని ఆపేముందు కాస్త లెక్క చూసుకో

తమ్ముడూ,

కథ చదివాను. విశాఖ బీచ్ రోడ్డులో టీ తాగుతుండగా భూమి తిరగడం ఆగిపోవడం, ఐడియా బాగుంది. కానీ ఠక్కున ఆగిందా, మెల్లగా ఆగిందా? నువ్వు మొదటి దాంతో మొదలుపెట్టి రెండో దాంట్లోకి జారిపోయావు.

ఠక్కున ఆగితే నీ హీరో మిగలడు. విశాఖ దగ్గర నేల గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది, దాంతోపాటే మనుషులు, గాలి, సముద్రం అన్నీ. నేల ఒక్కటే ఆగితే మిగతావి అదే వేగంతో తూర్పుకి కొట్టుకుపోతాయి, అంటే హీరో బంగాళాఖాతం మీదుగా ఎగిరిపోతాడు, నువ్వు రాసిన సునామీ కూడా విశాఖ మీదికి రాదు, ఆ నీళ్లు మయన్మార్ వైపు పరిగెడతాయి. అరేబియా సముద్రమైతే ముంబై, గోవాల మీదికి విరుచుకుపడుతుంది. ఇంత మంచి వివరం వదిలేసి సినిమాల్లో చూసిన అలనే తెచ్చిపెట్టావు!

నా ఓటు మెల్లగా ఆగడానికే. తిరుగుడు వల్ల భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంది, అక్కడి వ్యాసం ధ్రువాల మధ్య వ్యాసం కంటే సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువ. సముద్రపు నీళ్లను కూడా అక్కడ పట్టి ఉంచేది ఆ తిరుగుడే, అందుకే వేగం తగ్గేకొద్దీ సముద్రాలు ధ్రువాల వైపు జరిగిపోతాయి. ఏటా నీళ్లు వెనక్కి పోతుంటే రేవులో పడవలున్నవాళ్లు ఏం చేస్తారు, ఎవరు ముందు అమ్ముకుంటారు? నీ కథ అక్కడుంది.

"సగం భూమికి శాశ్వతంగా పగలే" అని రాశావు, అది తప్పు. పూర్తిగా ఆగినా సూర్యుడి చుట్టూ ప్రయాణం ఆగదు కదా, కాబట్టి సుమారు ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి, పైగా సూర్యుడు పడమట ఉదయిస్తాడు. నమ్మకపోతే బొమ్మ గీసి చూడు. శుక్రుడి మీద ఇప్పటికే పడమటే తెల్లవారుతుంది, అది మనకు వ్యతిరేక దిశలో, 243 రోజులకో చుట్టు తిరుగుతుంది.

నీ ప్రొఫెసర్ చెప్పే "భూమిని తిప్పుతున్న అదృశ్య శక్తి" కూడా తీసెయ్. దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట వాయువు, ధూళి మేఘం తనలోకి తాను కుంచించుకుపోతూ తిరిగిన తిరుగుడే గ్రహాలకు వచ్చింది. బొంగరాన్ని నేల రాపిడి ఆపుతుంది, భూమి కింద నేల లేదు. అందుకే తిరగడానికి కాదు, ఆగడానికి కారణం చూపించాలి. ఆగినంతమాత్రాన గురుత్వాకర్షణ కూడా పోదు, భూమధ్యరేఖ దగ్గర 60 కిలోల మనిషి ఓ 200 గ్రాములు బరువెక్కుతాడంతే.

నిజంగా బ్రేకు వేస్తున్నది చంద్రుడు. ఆటుపోట్ల వల్ల రోజు శతాబ్దానికి సుమారు 2 మిల్లీసెకన్లు పొడవవుతోంది. ఈ లెక్కన నీ హీరో జీవితంలో ఏమీ జరగదు, అందుకని ఆ బ్రేకు ఎందుకు గట్టిగా పడిందో నువ్వే కల్పించుకో, అబద్ధం అక్కడొక్కచోటే ఆడు. ప్రొఫెసర్‌ని పంపించేసి, రేవు మనుషులతో మళ్లీ రాసి సంక్రాంతిలోపు పంపు.

అన్నయ్య