ఇన్‌ట్రాన్సిజెన్స్: ఏ మొండితనానికి వాడాలి?

"పాలు తాగనని పిల్లాడు చూపే ఇన్‌ట్రాన్సిజెన్స్" అని రాయొచ్చా అని ఒకరు అడిగారు. ఇన్‌ట్రాన్సిజెన్స్ అంటే రాజీకి రాని మొండితనం అనే ఇంగ్లిష్ మాట. వ్యాకరణం తప్పు కాదు గానీ, నవ్వించడానికైతే తప్ప అతకదు. పిల్లల మారాంకి స్టబర్న్‌నెస్ చాలు.

ఈ మాటకు దగ్గరి తెలుగు "పట్టువిడుపు లేకపోవడం". లాటిన్‌లో ట్రాన్సిగెరె అంటే బేరం కుదుర్చుకోవడం, రాజీకి రావడం. మన ట్రాన్సాక్షన్ కూడా అక్కడిదే. ముందున్న "ఇన్" దాన్ని కాదంటుంది. 1870లలో స్పెయిన్‌లో రాజీపడని రిపబ్లికన్లను ఇలా పిలిచేవారు, ఇంగ్లిష్‌లోకి అలా వచ్చింది. అందుకే చర్చలు, సమ్మెలు, ప్రభుత్వాలు ఉన్నచోట బాగా పలుకుతుంది: "ద టాక్స్ ఫెయిల్డ్ బికాజ్ ఆఫ్ ద మేనేజ్‌మెంట్స్ ఇన్‌ట్రాన్సిజెన్స్ ఓవర్ వేజెస్." విషయం ముందు ఓవర్ గానీ ఆన్ గానీ పెట్టండి.

సాధారణంగా ముందు "యాన్" రాదు, బహువచనం చేయరు. చాలామంది తడబడేది ఇక్కడే: "హి ఈజ్ ఇన్‌ట్రాన్సిజెన్స్" తప్పు, మనిషికి ఇన్‌ట్రాన్సిజెంట్. ఊనిక "ట్రాన్" మీద. స్పెల్లింగ్ చివర "ఇ-ఎన్-సి-ఇ", "ఎ" కాదు.

మెచ్చుకోలుగా పట్టుదల అనాలంటే ఇది వద్దు, టెనాసిటీ రాయండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకానికి ఆబ్‌స్టినసీ.