మేం తాగడానికే అయినా ఇంట్లో తేనె బీరు చేసుకోవచ్చా?

సందేహం: మాది విజయవాడ, పటమట. మా అబ్బాయి డాలస్‌లో తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తూ ఈ మధ్యే సెలవు మీద వచ్చాడు. అక్కడ ఇంట్లోనే బీరు చేసుకునేవాడట. ఇక్కడ కూడా ఆన్‌లైన్‌లో మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు), ఈస్టు తెప్పించి, మూడు కిలోల తేనె కలిపి, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి స్టోర్ రూములో పెట్టాడు. మూతకి చిన్న గొట్టం బిగించాడు. నాలుగు రోజులుగా అందులోంచి బుడుగు బుడుగుమని చప్పుడు. వాసనేంటని పై వాటా వాళ్లు అడిగారు. ‘మనం తాగడానికే కదమ్మా, అమ్ముతామా ఏంటి’ అంటాడు. ఇల్లు నా పేరు మీద ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది నేరమా? నా మీద కూడా కేసు పెడతారా?
- ఒక తల్లి, విజయవాడ

సలహా: అమ్మా, నేరమే. మీ అబ్బాయి అమ్మకపోయినా, చుట్టాలకు పోయకపోయినా, చివరికి తను ఒక్క గుక్క తాగకపోయినా నేరమే. ఇంత సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. ‘మా ఇంట్లో మేం’ అనే ధైర్యంతో మంచి కుటుంబాల పిల్లలు ఇందులో ఇరుక్కుంటున్నారని నా భయం.

మన రాష్ట్రంలో దీనికి వర్తించేది ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968. ఆల్కహాల్ ఉన్న ప్రతి ద్రవమూ ఆ చట్టం దృష్టిలో మద్యమే. మాల్టు పులియబెట్టి చేసింది బీరు కిందికి వస్తుంది. మాల్టు లేకుండా తేనె, నీళ్లు మాత్రమే పులియబెట్టినా ‘ఆల్కహాల్ ఉన్న ద్రవం’ అనే మాట దగ్గర దొరికిపోతాం. ‘తయారీ’ అనే మాటకు ఇచ్చిన అర్థం ఇంకా విశాలం. సహజంగా జరిగినా, మనిషి చేసినా, మత్తు పదార్థం పుట్టే ప్రతి ప్రక్రియా తయారీయే. ఈస్టు తన పని తను చేసుకుపోతోంది, మేమేం చేశాం అనడానికి వీల్లేదు. సెక్షన్ 13 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదు. తయారు చేసే ఉద్దేశంతో సరుకు గానీ, పాత్రలు గానీ, పరికరాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. శిక్షలు సెక్షన్ 34లో ఉన్నాయి. అవి నెలల్లో పోయేవి కావు, ఏళ్లలో ఉంటాయి. 2020 సవరణలతో ఇంకా కఠినమయ్యాయి.

మనూళ్లో అందరికీ తెలిసిన కల్లు సంగతే చూడండి. పొలం మీదే, గట్టు మీద తాడిచెట్టు మీదే. అయినా దానికి లొట్టి కట్టి కల్లు దింపాలంటే లైసెన్సు ఉండాలి. కల్లు పులియడానికి మనం చేసేదేం ఉండదు, లొట్టిలో దానంతటదే పులుస్తుంది. తరతరాలుగా గీత వృత్తి చేసుకునేవాళ్లకే అనుమతి తప్పనప్పుడు, మీ స్టోర్ రూములోని డ్రమ్ముకు మినహాయింపు దొరకదు.

తేనె కొనడం నేరమా అని మీవాడు అడిగితే, కాదనే చెప్పండి. మాల్టు, ఈస్టు కొనడమూ కాదు, బేకరీ వాళ్లు రోజూ కొంటారు. నల్లబెల్లం కేసుల్లోనూ ఇదే వాదన నడుస్తుంటుంది. బెల్లం దానంతటది మత్తు పదార్థం కాదు, సారా కోసమని తెలిసి అమ్మినప్పుడు, దాచినప్పుడు చిక్కొస్తుంది. అంటే అంతా ఉద్దేశం మీద ఆధారపడింది. తేనె సీసా అలమరలో ఉన్నంతసేపు అది తేనే. చిక్కటి తేనె ఏళ్ల తరబడి పులవదు కూడా, అందులో నీళ్లు అయిదో వంతుకు మించి ఉండవు కాబట్టి. అందులో నీళ్లు కలిపి, ఈస్టు వేసి, గాలి పోయే గొట్టం పెట్టి మూత బిగించాక, ఉద్దేశం ఏమిటో ఆ డ్రమ్మే సాక్ష్యం చెబుతుంది. ఆ బుడుగు బుడుగు చప్పుడు ఈస్టు తీపిని తిని ఆల్కహాల్ చేస్తుండగా బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ది. తయారీ జరుగుతోందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

మీ అబ్బాయిది తప్పుడు బుద్ధి అని నేను అనుకోవడం లేదు. అమెరికాలో 1978లో ఫెడరల్ చట్టం మార్చి, ఇంటి వాడకానికి బీరు చేసుకోవడానికి అనుమతించారు. పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 750 లీటర్ల దాకా పన్ను లేకుండా చేసుకోవచ్చు. అక్కడ తొమ్మిదేళ్లు ఉన్నవాడికి ఇది వంటలాగే అనిపిస్తుంది. మన రాజ్యాంగంలో మద్యం తయారీ, స్వాధీనం, అమ్మకం రాష్ట్రాల జాబితాలో ఎనిమిదో అంశం. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. క్రిస్మస్‌కి ఇళ్లలో వైన్ చేసుకునే అలవాటున్న కేరళలో కూడా, అది నేరమేనని 2019లో ఎక్సైజ్ శాఖ హెచ్చరించింది. పుణె, నాసిక్‌లలో తేనె మద్యం తయారు చేసే కంపెనీలు ఉన్నాయి, కానీ అవి లైసెన్సుతో నడిచేవి.

మన దగ్గర ఈ చట్టం వెనక ఆడవాళ్ల కన్నీళ్లున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ లాంటి మహిళలు సారా కొట్లు మూయించారు. ఆ ఉద్యమం వల్లే 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించినా తయారీ మీద కట్టడి మాత్రం సడలలేదు. మీవాడి తేనె బీరుకూ నాటుసారాకూ చాలా తేడా ఉంది, నిజమే. బట్టీ పెట్టి ఆవిరి పట్టడం లేదు. ఆ తేడా శిక్ష ఎంత అన్న దగ్గర వాదనకు పనికొస్తుంది. నేరం కాదనడానికి పనికిరాదు.

ఇక మీ మీద కేసు సంగతి. ఇల్లు మీ పేరున ఉన్నంత మాత్రాన మీరు దోషి అయిపోరు. కానీ డ్రమ్ము మీ ఇంట్లో ఉంది, అందులో ఏముందో మీకు తెలుసు. అధికారులు ఇద్దరి పేర్లూ రాసే అవకాశం ఉంది. మద్యం గానీ తయారీ సామగ్రి గానీ ఎవరి స్వాధీనంలో దొరికితే వాళ్లే సరైన లెక్క చెప్పుకోవాలన్నట్టుగా ఎక్సైజ్ చట్టం నడుస్తుంది. అబ్బాయికి ఇంకో దెబ్బ ఉంది. అమెరికా వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడుగుతారు. ఇక్కడ కేసు కొట్టేసినా అక్కడ ‘అవును’ అని రాసి కాగితాలన్నీ జత చేయాలి. తొమ్మిదేళ్ల ఉద్యోగం ఒక డ్రమ్ము చుట్టూ తిరగడం నాకు బాధగా ఉంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. తయారీ ఇక్కడితో ఆపించండి. ఒక్క సీసా కూడా నింపనివ్వకండి, స్నేహితులకు రుచి చూపించనివ్వకండి. ఇంకొకరి చేతికి వెళితే సరఫరా మాట కూడా వస్తుంది. పైగా పులవడం పూర్తి కాకుండా సీసాల్లో బిగిస్తే, బెజవాడ ఎండకి అవి పేలతాయి. డ్రమ్ము ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి ఉంటే ఇంకెవరికీ పంపొద్దనండి. పై వాటా వాళ్లతో గొడవ పడొద్దు, అబద్ధమూ చెప్పొద్దు.

అధికారులు వస్తే తలుపు తీయండి. సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 చెబుతోంది. ఆ మాట మర్యాదగా గుర్తు చేయండి. పంచనామా చదవకుండా సంతకం పెట్టకండి. వాళ్లు వచ్చాక డ్రమ్ము ఒంపడానికి మాత్రం పరుగెత్తకండి. సాక్ష్యం మాయం చేశారని బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 238 కింద ఇంకో కేసు మీద పడుతుంది. అరెస్టు భయం నిజంగా ఉంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ అడగవచ్చు.

ఆ డ్రమ్మును ఏం చేయాలన్నది మాత్రం ఇక్కడ రాసి చెప్పేది కాదు. ఎక్సైజ్ కేసులు చూసే న్యాయవాదిని అబ్బాయే స్వయంగా రేపు ఉదయం, కోర్టు టైముకి ముందే కలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మీరూ వెంట వెళ్లండి. కిట్ కొన్న బిల్లులు, డబ్బు కట్టిన వివరాలు చేత పట్టుకెళ్లండి. ఏ రోజు ఏం కొన్నాడు, ఎంత కొన్నాడు అన్నది వాటిలోనే ఉంటుంది, మొదట అడిగేదీ అదే.