స్ప్రింగ్‌లు మార్చాక థార్ ఎందుకు ఊగుతోంది?

2020 మహీంద్రా థార్‌కి 2 అంగుళాల లిఫ్ట్ స్ప్రింగ్‌లు (బండిని పైకెత్తే గట్టి స్ప్రింగ్‌లు) వేసి, షాక్‌లు (స్ప్రింగ్ ఊగును ఆపే షాక్ అబ్జార్బర్‌లు) పాతవే ఉంచితే గతుకు దాటాక బండి ఊగుతోంది, ఎందుకని ఒకరు అడిగారు. గట్టి స్ప్రింగ్ ఎక్కువ బలంతో వెనక్కి లేస్తుంది, దాన్ని ఆపే రీబౌండ్ డ్యాంపింగ్ (స్ప్రింగ్ తిరిగి సాగే వేగాన్ని తగ్గించే నిరోధం) పాత షాక్‌లో చాలదు. బరువు మారకుండా స్ప్రింగ్ 40 శాతం గట్టిదైతే డ్యాంపింగ్ సుమారు 18 శాతం పెరగాలి.

పొడవు కూడా చూసుకోండి. బండి లేచిన కొద్దీ షాక్ ముందే సాగి ఉంటుంది, చక్రం గోతిలోకి దిగితే చివరిదాకా వెళ్లి టక్‌మని కొడుతుంది. నన్నడిగితే పొడవైన, రీబౌండ్ అడ్జస్ట్ అయ్యే షాక్‌లే వేయించండి. షాక్ మీది రీబౌండ్ నాబ్‌ని ఒక్కో క్లిక్ బిగిస్తూ అదే గతుకు మీద నడిపి చూడండి. మరీ బిగిస్తే మాత్రం వరుస గతుకుల్లో స్ప్రింగ్ తేరుకోక బండి కుంగిపోతూ ఉంటుంది.