క్రేఫిష్ పేర్లు సేకరించబోయే అమ్మాయికి

అమ్మాయీ, పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో క్రేఫిష్‌ని జనం ఏయే పేర్లతో పిలుస్తారో అడగడానికి నువ్వు రాసి పంపిన ప్రశ్నలు చదివాను. మొదటిది మార్చు తల్లీ. "క్రేఫిష్‌ని మీ వైపు ఏమంటారు?" అని అడిగితే జవాబు నువ్వే అందించినట్టు. పుస్తకాల్లో మాట అదే కదా అనుకుని చాలామంది "మేమూ అంతే అంటాం" అనేస్తారు. పేరెత్తకుండా బొమ్మ చూపించు. లేదంటే వర్ణించు: వాగుల్లో రాళ్ల కింద ఉంటుంది, రొయ్యలాంటి ఒళ్లు, పీతకున్నట్టు రెండు డెక్కలు, బెదిరితే తోక ఆడిస్తూ వెనక్కి దూసుకుపోతుంది. ఆ తర్వాత ఊరుకో. వాళ్లే చెబుతారు.

అమెరికాలో లూసియానా వైపు క్రాఫిష్, ఓజార్క్ కొండల్లో, ఓక్లహోమాలో క్రాడ్యాడ్, ఉత్తరాన క్రేఫిష్ అనడం ఎక్కువ. కానీ మాటలు రాష్ట్రాల సరిహద్దుల దగ్గర ఆగవు. వాగులో పట్టేటప్పుడు ఒక పేరు, హోటల్లో తినేటప్పుడు ఇంకో పేరు వాడే మనుషులుంటారు. అందుకే "చిన్నప్పుడు ఇంట్లో ఏమనేవారు?" అని విడిగా అడుగు. మడ్‌బగ్ (బురద పురుగు) లాంటి సరదా పేరు వస్తే అదీ రాసుకో.

అమెరికా ప్రాంతీయ పదాల నిఘంటువు కోసం 1965 నుంచి 1970 దాకా 1002 ఊళ్లలో 2777 మందిని అడిగారు. ఎవరు చెప్పారు, వయసెంత, ఏం చదివారు, ఏ ఊరు అన్నవన్నీ నమోదు చేశారు. నువ్వూ అలాగే చెయ్యి. ఆ వివరాలు లేని పేరు ఎంత బాగున్నా పనికి రాదు.

నాకు టెన్షన్ అంతా ఆస్ట్రేలియా గురించే. పశ్చిమాన వినిపించే మారన్, గిల్గీ, కూనక్ ఒకే జీవికి మూడు మాండలిక పేర్లు కావు, మూడు వేరు వేరు జాతులు. యాబీ అంటే చాలాచోట్ల మంచినీటి జీవే. తూర్పు తీరంలో మాత్రం గాలానికి ఎరగా ఇసుకలోంచి తీసే ఉప్పునీటి జీవినీ యాబీ అనే అంటారు. ఇక అక్కడ క్రేఫిష్ అన్నారంటే తరచుగా అది సముద్రపు లాబ్‌స్టరే, దానికి పెద్ద డెక్కలుండవు. కాబట్టి పేరు వినగానే మురిసిపోకు. మంచినీళ్లా ఉప్పునీళ్లా, డెక్కలున్నాయా, ఎంత పొడవు, ఈ మూడూ అడిగాకే రాసుకో. కుదిరితే ఫోటో తియ్యి.

వాళ్లు పలికినది పలికినట్టే రికార్డు చెయ్యి, అనుమతి అడిగి మరీ. స్పెల్లింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ప్రశ్నలు మార్చి మళ్లీ పంపు, బయల్దేరేలోగా చూసి చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ