కరోనా కాలంలో అమ్మానాన్నలు అమెరికాలో ఇరుక్కుపోతే మేం ఏం చేశాం

ప్రశ్న: "మా అమ్మానాన్నలను డెలివరీకి అమెరికా పిలవాలనుకుంటున్నాం. మళ్ళీ కరోనా లాంటిది వస్తే అక్కడే ఇరుక్కుపోతామని నాన్న భయపడుతున్నారు. 2020లో అలా చిక్కుకున్నవాళ్ళు వీసా, మందులు, ఇంట్లో పరిస్థితులు ఎలా చూసుకున్నారు?"

మీ నాన్నగారి భయం అర్థం లేనిదేమీ కాదు. మా అమ్మానాన్నలు సరిగ్గా ఈ పని మీదే 2020 జనవరి చివర్లో తెనాలి నుంచి న్యూజెర్సీ వచ్చారు. జూన్‌లో వెళ్ళాల్సినవాళ్ళు సెప్టెంబరులో గానీ కదలలేకపోయారు. అప్పట్లో మేం ఎడిసన్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది హెచ్-1బి (ఉద్యోగ వీసా), నాది హెచ్-4 (హెచ్-1బి మీద ఉన్నవాళ్ళ భార్యాభర్తలకిచ్చేది), అమ్మానాన్నలది బి2 (విజిటర్ వీసా). ఏప్రిల్‌లో పుట్టిన పాప ఒక్కతే అమెరికా పౌరురాలు. దానివల్ల మాకు ఒరిగింది ఏమీ లేదు సరికదా, కొత్త చిక్కొకటి వచ్చింది. ఆ సంగతి కింద చెప్తాను.

ముందు వీసా. మన పెద్దవాళ్ళలో చాలామంది పాస్‌పోర్టులో పదేళ్ళ వీసా ఉంది కాబట్టి ఎన్నాళ్ళైనా ఉండొచ్చనుకుంటారు. నాన్న కూడా అదే అన్నారు. వీసా గుమ్మం దాకా రానిస్తుంది, అంతే. లోపల ఎన్నాళ్ళుండాలో చెప్పేది ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పుడు రాసే ప్రవేశ రికార్డు. సాధారణంగా ఆరు నెలలిస్తారు. వీళ్ళకు జూలై చివరి దాకా ఇచ్చారు. మార్చి 22 తర్వాత ఇండియా అంతర్జాతీయ విమానాలను దిగనివ్వడం ఆపేసింది. వారాల్లో తేలిపోతుందనుకున్నాం. మామూలు సర్వీసులు మళ్ళీ మొదలైంది 2022 మార్చి 27న!

ఆ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట బాగా తిరిగింది: "వీసాలన్నీ ఆటోమేటిక్‌గా పొడిగించారట, ఏమీ చేయక్కర్లేదు". అది కొన్ని దేశాల విషయంలో నిజమే. బ్రిటన్ వీసా గడువులను ముందు మే 31 దాకా, తర్వాత జూలై 31 దాకా పొడిగించింది. థాయిలాండ్ అక్కడ ఇరుక్కున్న టూరిస్టులకు సెప్టెంబరు 26 దాకా మినహాయింపు ఇచ్చింది. అమెరికా మాత్రం అలాంటిదేమీ ఇవ్వలేదు. "వెళ్ళలేకపోతే గడువులోగా అప్లై చేసుకోండి, ఈ పరిస్థితుల వల్ల ఆలస్యమైతే కారణం చూపిస్తే పరిశీలిస్తాం" అని అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఏప్రిల్‌లో ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంది. దుబాయ్‌లో ఉన్న మా కజిన్ "మాకు వాళ్ళే పొడిగించారు, నువ్వెందుకు కంగారు పడతావు" అనేవాడు. ఏ దేశంలో ఉంటే ఆ దేశం వెబ్‌సైటే చూడాలి, ఇంకో దేశంలో ఉన్న చుట్టాల మాట పనికిరాదు.

మేం జూన్ మధ్యలో గడువు పొడిగించమని అడిగే ఐ-539 ఫారం పోస్టులో పంపాం. నాన్న పేరు మీద అప్లికేషన్, అమ్మ పేరు దానికి అనుబంధంగా. ఫీజు 370 డాలర్లు, బయోమెట్రిక్స్‌కు (వేలిముద్రలు, ఫోటో) తలా 85. (2024 ఏప్రిల్ నుంచి ఫీజులు మారాయి, బయోమెట్రిక్స్‌కు విడిగా కట్టక్కర్లేదు. పంపే ముందు తాజా ఫీజు చూసుకోండి.) గడువు దాటకముందే అప్లికేషన్ చేరితే, అది తేలేదాకా ఇక్కడున్న కాలాన్ని అక్రమంగా ఉన్నట్టు లెక్కవేయరు. అదేమీ లేకుండా 180 రోజులకు పైగా ఉండిపోయి వెళ్తే మూడేళ్ళు మళ్ళీ రానివ్వరు. పెద్దవాళ్ళ విషయంలో మూడేళ్ళంటే చిన్న మాట కాదు.

ఇక్కడ నాన్న గురించి కొంచెం చెప్పాలి. ఆయన సబ్ ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిచిన మనిషి. మార్చి నుంచి మే దాకా ఈ ఇంట్లో ఆయనకు పనేమీ లేదు. పొద్దున లేస్తే తెలుగు న్యూస్ ఛానెళ్ళు, అందులో మరణాల సంఖ్య, బయట అంబులెన్స్ సైరన్లు. పడకగదిలో అల్లుడి ఆఫీసు మీటింగు. సరిగ్గా మీటింగ్ మొదలయ్యే వేళకు అమ్మ కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసేది. మా ఆయన ఏమీ అనేవాడు కాదు, తలుపు మాత్రం కాస్త గట్టిగా పడేది. నాన్నకు అది వినపడేది. సాయంత్రం అమ్మతో "మనం వీళ్ళకు భారమైపోయాం" అనేవారు, నాకు వినపడేలాగే. పాలు, కూరగాయలు, ప్రతిదాన్నీ డాలరుకు 75 చొప్పున రూపాయల్లోకి మార్చి లెక్కేసుకునేవారు. మా ఆయనకేమో ఉద్యోగం టెన్షన్. పక్క బిల్డింగులో ఒకాయనకు ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే 60 రోజుల్లో వేరే కంపెనీ అయినా చూసుకోవాలి, లేదా దేశమైనా వదలాలి. వదలడానికేమో విమానాలు లేవు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి మా ఆయన నిద్రపోయేవాడు కాదు. మావయ్యగారికి ఇది తెలిస్తే బీపీ పెరుగుతుందని చెప్పొద్దన్నాడు. అల్లుడుగారు తమ మీద కోపంతో ముభావంగా ఉన్నారని నాన్న అనుకున్నారు.

ఇది తెగింది ఐ-539 దగ్గరే. ఫారం నేను నింపుతుంటే నాన్న పక్కన కూర్చుని "ఈ గడి ఖాళీ వదిలావేంటమ్మా" అన్నారు. అక్కడి నుంచి ఫైలు ఆయన చేతుల్లోకి వెళ్ళింది. రద్దయిన టికెట్, పెన్షన్ కాగితాలు, తెనాలి ఇంటి పన్ను రసీదు, మా బ్యాంకు స్టేట్‌మెంట్లు, మా ఆయన పే స్లిప్పులు, అన్నిటికీ నంబర్లు వేశారు. పే స్లిప్పులు చూస్తూ "అల్లుడుగారి కంపెనీ పరిస్థితేంటి?" అని అడిగారు. అప్పుడు మొత్తం చెప్పాం. ఆయన బీపీ ఏమీ పెరగలేదు. "ముందే చెప్తే నేను ఇన్నాళ్ళూ వేరేలా అనుకునేవాణ్ణి కాదు కదా" అన్నారు. మర్నాటి నుంచి మిక్సీ తొమ్మిదింటి లోపే. మీరు అడిగిన "ఇంట్లో పరిస్థితులు" అనేదానికి నా దగ్గరున్న జవాబు ఇదే: పెద్దవాళ్ళకు సంబంధించిన కాగితం పెద్దవాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళను కాపాడుతున్నామనుకుని దాచిపెట్టినప్పుడే మా ఇంట్లో ఎక్కువ ఊపిరాడలేదు.

మందుల సంగతి. నాన్నకు షుగర్, బీపీ. జూన్ దాకా సరిపడా తెచ్చుకున్నారు. ఇండియాలో లాక్‌డౌన్ వచ్చాక కొరియర్ల మీద నమ్మకం పోయింది. ఇక్కడి ఫార్మసీలో మన ఇండియా చీటీ చెల్లదు. మాకు దగ్గర్లో ఉన్న ఒక తెలుగు డాక్టరుగారు వీడియో కాల్‌లో చూసి కొత్త ప్రిస్క్రిప్షన్ రాశారు. ఆమె అడిగింది కంపెనీ పేరు కాదు, మందు పేరు. మన స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో ఉండే పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, కింద చిన్నగా మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ అని ఉంటుంది చూడండి, అది కావాలి. మెట్‌ఫార్మిన్ లాంటి పాత మందులు వాల్‌మార్ట్‌లో నెలకు 4 డాలర్లకే దొరికాయి. అమెరికాలో మందులంటే ఆస్తులమ్ముకోవాలని భయపడుతున్న నాన్న ఆ బిల్లు దాచుకున్నారు.

ఇన్సూరెన్స్ అంత సులువుగా తేలలేదు. వాళ్ళు బయల్దేరేటప్పుడు కొన్న విజిటర్ పాలసీలో మహమ్మారి వల్ల వచ్చే జబ్బుకు వర్తించదని లోపలెక్కడో రాసి ఉంది. కోవిడ్‌ను మామూలు కొత్త జబ్బులాగే చూసే ఇంకో కంపెనీ పాలసీ ఏప్రిల్‌లో కొన్నాం. మీరు కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, రోజుకింత అని కట్టి మిగతాది మన నెత్తిన వేసే ఫిక్స్‌డ్ ప్లానా, లేక బిల్లులో ఎక్కువ భాగం భరించే కాంప్రిహెన్సివ్ ప్లానా అని. ఫిక్స్‌డ్ ప్లాన్ చవగ్గా ఉంటుంది, కొనకండి. రెండోది, ఉన్న షుగర్, బీపీలకు మామూలు వైద్యం ఏ విజిటర్ పాలసీలోనూ దొరకదనే అనుకోండి. హఠాత్తుగా ముదిరితే మాత్రమే ఎంతో కొంత ఇస్తారు.

మార్చి నెలాఖరులో నాన్నకు రెండు రోజులు జ్వరం వచ్చింది. పరామస్‌లోని బెర్గెన్ కమ్యూనిటీ కాలేజీలో, హోల్మ్‌డెల్‌లో డ్రైవ్-త్రూ పరీక్షలు పెట్టారుగానీ తెల్లారకముందే కార్లు బారులు తీరేవి. పైగా న్యూజెర్సీ నివాసి అని గుర్తింపు చూపాలన్నారు. విజిటర్ వీసా మీద ఉన్న మనిషికి అదెక్కడిది? పరీక్ష లేకుండానే ఒక గదిలో ఉంచాం, జ్వరం తగ్గింది. నేనప్పుడు నిండు చూలాలిని. అదే సమయంలో న్యూయార్క్‌లో కొన్ని ఆసుపత్రులు కాన్పుకు భర్తను కూడా రానివ్వడం లేదని వార్తలు, ఆ నెలాఖరుకు గవర్నరు ఉత్తర్వు ఇస్తే గానీ అది ఆగలేదు. నాకు న్యూజెర్సీలో ఒక మనిషిని రానిచ్చారు. అమ్మ దానికోసమే అంతదూరం వచ్చి, ఇంట్లోనే కూర్చుని ఫోనులో మనవరాలిని చూసింది. తెచ్చిన కాయం, శొంఠి, పాత బియ్యం మాత్రం వృథా కాలేదు.

ఇంకో అపోహ కూడా ఉండేది, ఉచితంగా పరీక్షో వైద్యమో చేయించుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డొస్తుందని. కోవిడ్ పరీక్ష, చికిత్సలను ప్రభుత్వం మీద ఆధారపడినట్టు లెక్కలోకి తీసుకోబోమని యూఎస్‌సీఐఎస్ మార్చిలోనే చెప్పింది. అయినా భయంతో వెళ్ళనివాళ్ళు నాకు తెలుసు.

పాప వల్ల వచ్చిన చిక్కు ఇది. మా ఆయన ఉద్యోగం పోతే అందరం కలిసి ఇండియా వెళ్ళిపోదామనుకున్నాం. పాపకు వెళ్ళడానికి అమెరికా పాస్‌పోర్టు కావాలి, మార్చి నుంచి మామూలు పాస్‌పోర్టుల పని నిలిచిపోయింది, ప్రాణం మీదికొస్తేనే ఇస్తామన్నారు. పాస్‌పోర్టు ఉన్న పిల్లలకూ దారి లేదు. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్ళ ప్రయాణాన్ని కూడా ఇండియా ఆపేసింది. మేలో, బయట ఇరుక్కున్నవాళ్ళను తీసుకెళ్ళడానికి ఇండియా వేసిన వందే భారత్ విమానాలు మొదలయ్యాక తల్లిదండ్రులను ఎక్కనిచ్చి, అమెరికాలో పుట్టిన పసిపిల్లలను వద్దన్న సంఘటనలు వార్తల్లో వచ్చాయి. మే 22న ఓసీఐ ఉన్న మైనర్ పిల్లలకు సడలింపు ఇచ్చారు. మా పాపకు ఓసీఐ కూడా లేదు కదా. ఉద్యోగం నిలబడింది కాబట్టి సరిపోయింది.

మాకంటే నలిగిపోయినవాళ్ళు మా ఆయన స్నేహితుడు, అతని భార్య. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెళ్ళి. ఆ అమ్మాయి పాస్‌పోర్టులో హెచ్-4 వీసా వేయించుకోవడానికి వెళ్ళేలోపు మార్చిలో కాన్సులేట్ మూసేశారు. జూన్ 22న ట్రంప్ ఉత్తర్వుతో కొత్త హెచ్-1బి, హెచ్-4 వీసాలు డిసెంబరు దాకా ఆగాయి, తర్వాత 2021 మార్చి 31 దాకా పొడిగించారు. అతని వీసాకు గడువుంది కాబట్టి ఒక్కడే వచ్చాడు, రాకపోతే ఉద్యోగం పోయేది. ఉత్తర్వు గడువు తీరిందనుకునేసరికి ఇండియాలో సెకండ్ వేవ్. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు, అవి నవంబరులో గానీ పోలేదు. కలిసి కాపురం చేసిన రోజులకంటే వీడియో కాల్‌లో గొడవపడిన రోజులే ఎక్కువని ఆ అమ్మాయే నవ్వుతూ చెప్తుంది ఇప్పుడు. అప్పుడు రెండువైపుల పెద్దలూ "పెళ్ళి ముహూర్తం మంచిది కాదేమో" దాకా వెళ్ళారు.

జూలైలో తెనాలిలో మా పెదనాన్న పోయారు. నాన్నకు చెప్పొద్దని అమ్మ పట్టుబట్టింది. ఫైలు సంగతి గుర్తుచేసి చెప్పేశాం. ఆయన స్నానం చేసి వచ్చి ఫోను ముందు కూర్చున్నారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మైల ఎలాగని అమ్మ కంగారు పడితే, "రెండు గదుల్లో మైల ఎక్కడ పడతామే" అన్నారు. పదకొండో రోజు దాటాక, "టికెట్ చూడమ్మా, మేం వెళ్తాం" అన్నారు. విమానంలో ఏదైనా అంటుకుంటే అని నా భయం. ఐ-539 పెండింగులో ఉంది, ఇంకొన్నాళ్ళు ఉండొచ్చని చెప్పాం. వినలేదు. వెళ్ళాల్సింది ఆయన, కాబట్టి ఆయన మాటే నెగ్గింది.

ఆగస్టు 8 నుంచి 96 గంటల లోపు చేయించిన ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ రిపోర్టు ఉంటే హోటల్ క్వారంటైన్ నుంచి మినహాయింపు ఇచ్చారు. కానీ ఇక్కడి ల్యాబుల్లో రిపోర్టు రావడానికే చాలా రోజులు పట్టేది. త్వరగా ఇచ్చే క్లినిక్ కోసం ఊళ్ళన్నీ ఫోన్లు చేశాం. రిపోర్టు బయల్దేరే ముందురోజు రాత్రి వచ్చింది. ఢిల్లీ మీదుగా గన్నవరం చేరారు.

వాళ్ళు వెళ్ళాక బయోమెట్రిక్స్‌కు రమ్మని నోటీసు వచ్చింది! దేశం వదిలి వెళ్ళారని ఉత్తరం రాసి, బోర్డింగ్ పాసుల కాపీలు జతచేసి అప్లికేషన్ వెనక్కి తీసుకున్నాం. 2023లో మళ్ళీ వచ్చినప్పుడు న్యూవార్క్‌లో ఆఫీసరు "పోయినసారి ఐ-94 దాటి ఉన్నారేం?" అని అడిగాడట. నాన్న సంచిలోంచి ఫైలు తీసి రసీదు, రద్దయిన టికెట్, బోర్డింగ్ పాసు వరసగా పెట్టారు. ఆరు నెలలు ఇచ్చాడు.

మీ నాన్నగారికి ఇదంతా చదివి వినిపించండి. వస్తానంటే ఆరు నెలల మందులు, మందుల అసలు పేర్లతో డాక్టరు చీటీ, తేదీ మార్చుకోగలిగే టికెట్, కాంప్రిహెన్సివ్ పాలసీ చూసుకోండి. రానంటే బలవంతం చేయకండి. డెలివరీకి అమ్మ ఒక్కతే వచ్చిన ఇళ్ళు మన ఎడిసన్‌లో బోలెడున్నాయి.