దీపం పెట్టగానే నాన్నగారు పక్కన ఉన్నట్లనిపిస్తోంది

ప్రశ్న: మేము హనుమకొండలో ఉంటాం. మా నాన్నగారికి నేను ఒక్కతే కూతురిని. ఆయన పోయి రెండేళ్లయింది. ఆబ్దికం పెదనాన్నగారి అబ్బాయి పెడుతున్నాడు. సాయంత్రం పూజగదిలో ఆయన ఫొటో ముందు దీపం పెట్టి కూర్చుంటే పక్కనే ఉన్నట్లనిపిస్తుంది, అన్నీ చెప్పుకుని ఏడుస్తాను. పోయినవారి ఫొటో అక్కడ ఉండకూడదని అత్తగారు అంటారు. పదోన్నతిపై కరీంనగర్ వెళ్లాలా అని నాన్నగారినే అడుగుతున్నాను. జవాబు తోచక అంగీకారపత్రం ఇవ్వలేదు. ఇది భక్తా, భ్రమా?

జవాబు: అమ్మా, దగ్గరివారు పోయాక వారు పక్కనే ఉన్నట్లు అనిపించడం చాలామందికి కలిగే అనుభవమే, దానికి భయపడనక్కరలేదు. మనసు తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందని నిపుణులు ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు గానీ, 1990ల నుంచి ఆ బంధాన్ని మరో రూపంలో నిలుపుకోవడం సహజమేనని ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. సంక్రాంతికి పెద్దల ఫొటోల ముందు కొత్తబట్టలు పెట్టి మొక్కే మన ఇళ్లవారికి ఈ మాట ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

నన్ను ఆలోచనలో పడేసింది మీ ఉద్యోగం సంగతి. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతలను గోత్రనామాలతో తలచి, వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావించి, నల్లనువ్వులు కలిపిన నీళ్లు విడుస్తారు. శ్రాద్ధం చివర వంశం వర్ధిల్లాలని ఆశీస్సు కోరతారు. బదిలీకి ఒప్పుకోవాలా అని పితరులను అడిగే ఘట్టం మాత్రం అందులో ఎక్కడా లేదు. ఫొటో ముందు కూర్చున్నప్పుడు తోచే జవాబు చాలాసార్లు మన భయమో కోరికో నాన్నగారి గొంతుతో పలికేదే. మీరే ఇంకా తేల్చుకోలేదు గనుక ఏదీ తోచడం లేదని నా అభిప్రాయం. రోజూ వెళ్లిరావడమా, అక్కడే ఇల్లు తీసుకోవడమా, జీతంలో పెరిగేదెంత అన్నవి మీవారితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. గడువులోగా నిర్ణయం తీసుకుని, ఆ సాయంత్రం నాన్నగారికి ఆ కబురు చెప్పి దణ్ణం పెట్టుకోండి.

ఫొటో విషయంలో అత్తగారి మాట వినడమే మంచిది. దేవుడి పటాల సరసన పోయినవారి ఫొటో పెట్టకపోవడం చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే. హాల్లో గోడకు పెట్టుకుంటే మీ మాటలకు అడ్డేమీ రాదు. కన్నీళ్లు పెట్టుకుంటే నాన్నగారికి శాంతి ఉండదేమోనన్న బెంగ ఉంటే మాత్రం వదిలేయండి.

ఆబ్దికం అన్నగారే పెట్టనివ్వండి, మీరూ వెళ్లి ఆ రోజు అక్కడ ఉండండి. భాద్రపద అమావాస్యనాడు, అంటే మన పెత్తరమాసనాడు, నాన్నగారి పేర బియ్యం, పప్పు, కూరగాయలతో స్వయంపాకం మీ చేతులతో ఇవ్వవచ్చు. తర్పణం కూడా మీరే విడవాలని ఉంటే మీ పురోహితుణ్ణి అడగండి. ఇంటింటికీ ఆచారం వేరు. గయలో ఫల్గు నది ఒడ్డున సీతమ్మ దశరథుడికి ఇసుకతో పిండం పెట్టిందని స్థలపురాణం చెబుతుంది, ఆ సంగతి మీ పురోహితుడికీ తెలిసే ఉంటుంది.

నిద్ర పట్టకపోవడం, నాన్నగారి గొంతు ఆజ్ఞాపిస్తున్నట్లు వినిపించడం, ఆయన దగ్గరికే వెళ్లిపోవాలనిపించడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు.