బ్రెజిల్‌లో తలనొప్పి ప్రశ్నావళి పని మొదలుపెడుతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

తలనొప్పిని తామే అదుపులో పెట్టుకోగలమన్న నమ్మకం రోగులకు ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళిని పోర్చుగీసులోకి తెచ్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సావోపౌలో వెళ్లి ఏడాది తిరక్కుండానే ఇంత బాధ్యత నీ చేతికొచ్చిందంటే మనసు పొంగిపోయింది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. ఈ పనిలో మనుషులు ఎక్కడ జారతారో దగ్గరుండి చూసినదాన్ని.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. అసలు ప్రశ్నావళి 2000లో అమెరికాలో అచ్చయింది: 25 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకెలు. తయారుచేసినవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకో. బ్రెజిల్‌లో దీన్ని ఇప్పటికే ఎవరైనా చేశారేమో వెతుకు. పరిశోధనలకు అనుమతి కోరే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటు ప్లాటాఫార్మా బ్రజీల్ ద్వారా ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేదాకా ఒక్క రోగినీ కదిలించకు. ఇద్దరు విడివిడిగా అనువదించడం, ఆ రెండూ కలపడం, అసలు ప్రతి చూడనివాళ్లతో తిరిగి ఇంగ్లీషులోకి చేయించడం, నిపుణుల కమిటీ, 30-40 మందితో ప్రీటెస్ట్, అంటే ముందస్తు పరీక్ష. ఈ వరుస నీకు తెలిసిందే. అనువాదకుల్లో నువ్వు మాత్రం ఉండకు. నీ పోర్చుగీసు ఎంత బాగున్నా అది నేర్చుకున్న భాషే. బ్రెజిల్‌లో చేసింది పోర్చుగల్‌కో మొజాంబిక్‌కో నేరుగా సరిపోదు కాబట్టి శీర్షికలోనే 'బ్రెజిల్' అని ఉండాలి.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. చాలా ఏళ్ల కిందట, ఇలాంటిదే ఒక నొప్పి ప్రశ్నావళిని తెలుగులోకి తెస్తున్న బృందంలో నేనూ ఉన్నాను. మా పెద్దాయనకు తొందరెక్కువ. ప్రీటెస్ట్‌కు రోగులను వదిలేసి, వాళ్ల వెంట వచ్చిన చదువుకున్న పిల్లలనీ, కాలేజీ విద్యార్థులనీ కూర్చోబెట్టారు. అందరూ "అర్థమైంది సార్" అన్నారు. పైకి అంతా బాగానే ఉంది.

అసలు రోగుల దగ్గరికి వెళ్లాక బయటపడింది. ఒక నేతపని చేసే ముసలమ్మ వచ్చింది. చదువు రాదు కాబట్టి మేమే చదివి వినిపించాం. "నా నొప్పిని తగ్గించుకునే మార్గాలు నా దగ్గరున్నాయి" అంటే "అవునమ్మా" అంది. నాలుగు వాక్యాల తర్వాత "నొప్పి మొదలైతే నా చేతిలో ఏమీ లేదు" అంటే మళ్లీ "అవునమ్మా" అంది. అంకెల కార్డు మీద ఆమె బొటనవేలు చివరి గడి దగ్గరే ఉండిపోయింది, అక్కణ్నుంచి కదల్లేదు. తెల్లకోటు వేసుకున్న మనిషి అడుగుతుంటే కాదనడం ఆమెకు మర్యాద కాదు. ఆమె ఒక్కతే కాదు, అలాంటివాళ్లు ఎందరో. అటు తిరిగిన వాక్యాలూ ఇటు తిరిగిన వాక్యాలూ ఒకదానికొకటి పొసగక, వాక్యాలన్నీ ఒకే సంగతిని కొలుస్తున్నాయో లేదో చూపే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా, పడిపోయింది. అప్పుడైనా ఆగి రోగులను అడగాల్సింది. పెద్దాయన మాత్రం వ్యతిరేక వాక్యాలన్నీ ఎవరినీ అడక్కుండా కొట్టేశారు. ఆల్ఫా అందంగా పెరిగింది కానీ, అది ఇక ఆ ప్రశ్నావళి కాదు. వేరే దేశాల ఫలితాలతో పోల్చడానికి వీల్లేక ఏళ్ల పని బీరువాలో పడింది. ఆ ముసలమ్మ ఓపిగ్గా కూర్చున్న గంట కూడా దాంతోపాటే పోయింది. నాకు ఇప్పటికీ బాధ అదే.

నీ ప్రశ్నావళిలోనూ మార్కులు తిరగేసి (7 పెడితే 1గా) లెక్కించాల్సిన వ్యతిరేక వాక్యాలున్నాయి. కాబట్టి ప్రీటెస్ట్ రోగులతోనే చెయ్యి, అందులోనూ ప్రభుత్వ ఆసుపత్రి క్యూలో నిలబడేవాళ్లతో. "అర్థమైందా?" అని అడిగావంటే ఒప్పుకోను. "మీ మాటల్లో చెప్పండి, ఈ అంకె పెట్టేటప్పుడు ఏం తలుచుకున్నారు?" అని అడుగు. ఆ దేశంలో డైపైరోన్ అనే నొప్పి మాత్ర డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. "నా తలనొప్పి నా అదుపులోనే ఉంది" అని 7 పెట్టిన మనిషి రోజూ మాత్ర మింగుతూ ఉండొచ్చు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, పార్శ్వనొప్పికిచ్చే ట్రిప్టాన్లయితే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయని నీకు చెప్పక్కర్లేదు. నిద్ర, తిండి వేళలు, ఒత్తిడి సరిచూసుకోగలనన్న నమ్మకం వేరు, మాత్ర మీద నమ్మకం వేరు. స్కోరు చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాత్రల రోజులు తప్పకుండా రాసుకో.

మరొకటి. మీ అమ్మమ్మకు పార్శ్వనొప్పి వస్తే గది తలుపులేసుకుని, తలకు తడిగుడ్డ కట్టుకుని పడుకునేది. "మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది" అని ఇంట్లోవాళ్లు అనేవాళ్లు. ఆ మాట ఆమెకు నొప్పికంటే ఎక్కువ. "మీ తలనొప్పి మీ చేతిలో ఉందా?" అనే కాగితం అలాంటి మనిషి చేతికిస్తే, తప్పంతా నీదే అన్నట్టు వినిపిస్తుంది. నొప్పితో ఉన్నప్పుడు ఎవరికీ ఇవ్వకు. తక్కువ మార్కులొస్తే అది ఆమె బలహీనత కాదనీ, చికిత్సలో ఏం నేర్పాలో అది మాకు చెబుతుందనీ, కాగితం తీసుకునేటప్పుడు నీ నోటితో చెప్పు. ప్రోటోకాల్‌లో లేదని మానేశావా, నేను ఊరుకోను.

రీటెస్ట్‌కు, అంటే అదే కాగితం వాళ్లతోనే మళ్లీ నింపించడానికి, రెండు వారాల ఎడం సరిపోతుంది. ఆ మధ్య మందు మారినవాళ్లను పక్కన పెట్టు. తలనొప్పి రోజువారీ బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ఆరు ప్రశ్నల కాగితం హెచ్ఐటీ-6 కూడా పక్కనే నింపించు; తలనొప్పి వల్ల ఇబ్బంది ఎక్కువున్నవాళ్లకు ఈ నమ్మకం తక్కువ ఉండాలి, ఉందో లేదో తేలుతుంది.

ప్రీటెస్ట్ అయ్యాక స్కోర్ల పట్టిక కాదు, రోగులు అన్న మాటలు రాసుకున్న నోట్సు నాకు పంపు. కమిటీకి పెట్టకముందే పంపాలి, తర్వాత కాదు. రాత్రుళ్లు కూర్చుని అన్నం మానెయ్యకు, నీకూ మీ అమ్మమ్మ తలే వచ్చింది.

మీ పెద్దమ్మ